ఇనుప చొక్కాకు జేబుల్లేవు

1170ల్లో ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో, ప్లేర్ అనే ఊళ్లో ఒక టోర్నమెంటు జరిగింది. అప్పట్లో టోర్నమెంటంటే వందలాది రౌతులు రెండు పక్షాలుగా చీలి, పంటపొలాల మీద పడి రోజంతా కొట్టుకోవడం. సాయంత్రానికి ఒక దొరసాని తెప్పించిన పెద్ద పైక్ చేపను ఆరోజు మొనగాడికి ఇవ్వాలనుకున్నారు. మొదట ఒక ప్రభువుకిస్తే ఆయన ‘నాకెందుకు, ఫలానా వారికివ్వండి’ అన్నాడు. ఆ ఫలానా వారు ఇంకొకరి పేరు చెప్పారు. మర్యాదలన్నీ అయ్యాక అది విలియం మార్షల్ అనే యువకుడికి దక్కాలని తేలింది. చేప పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు ఆయన కమ్మరి కొలిమి దగ్గర దొరికాడు, తల దాగలి మీద పెట్టి. దెబ్బలకు శిరస్త్రాణం సొట్టలుపోయి మెడకు బిగుసుకుపోయింది. కమ్మరి సుత్తీ పట్టకారూ పుచ్చుకుని దాన్ని ఊడబెరుకుతున్నాడు.

ఇది ఏ వెక్కిరింపు రచయితో అల్లింది కాదు. మార్షల్ ఇంగ్లండుకు రాజప్రతినిధి స్థాయికి ఎదిగి 1219లో పోయాక, ఆయన కొడుకు పూనికతో ఒక కవి రాసిన ప్రశంసాకావ్యంలోనిది. నైట్‌ల, అంటే మధ్యయుగపు యూరప్ రౌతు వీరుల, కథల మీద ఆధునికులు పుట్టించారనుకునే హాస్యం చాలావరకు ఆ కథల్లోనే ఉంది. అయితే ఆర్థర్ రాజు గాథల వంటి కల్పనల్లో అది అడుగున పడి ఉంటుంది. వీరుడు అడవిలో నెలల తరబడి తిరుగుతాడు. ఏం తిన్నాడు, ఎవరు డబ్బిచ్చారు, ఇనుప తొడుగు లోపల దురద పుడితే ఏం చేశాడు అన్నది ఎవరూ చెప్పరు. తర్వాతి కాలపు హాస్య రచయితలు కొత్తగా కలిపింది తక్కువ. గాథ దాటేసిన ఈ ప్రశ్నలనే ఒక్కొక్కరు ఒక్కోలా అడిగారు.

తెలుగులో ‘నైట్’ అని రాస్తే రాత్రి డ్యూటీ గుర్తొస్తుంది. ఇంగ్లిషులో దీని మొదటి అక్షరాన్ని రాస్తారు గాని పలకరు. అది ఉత్సవ విగ్రహంలా నిలబడి ఉంటుంది. ఇక్కడ దీని అర్థం గుర్రమెక్కి యుద్ధం చేసే యోధుడు. గుర్రం, కవచం, ఈటె, వెంట తిరిగే పనివాడు, అన్నీ ఖర్చుతో కూడుకున్నవే. వాళ్లు పాటించాల్సిన నియమావళిని షివల్రీ అన్నారు. ప్రభువుకు విధేయత, స్త్రీల పట్ల మర్యాద, ఓడినవాడి మీద దయ అందులో ముఖ్యమైనవి. ఆ దయకు రేటుండేది. ఓడిన నైట్‌ను చంపకుండా పట్టుకుంటే గుర్రం, ఆయుధాలు, విడుదల సొమ్ము గెలిచినవాడివి. మార్షల్, అతని భాగస్వామి కలిసి పది నెలల్లో 103 మంది నైట్‌లను పట్టుకున్నారని ఆ కావ్యమే లెక్క చెబుతుంది. ఇద్దరికీ వాటాలు కూడా ఉండేవి. మరో మాటలో చెప్పాలంటే అది ఫైనాన్సు వ్యాపారం.

గాథల్లో మాత్రం ఈ లెక్కలుండవు. వెలితి ఎక్కడుందో మొదట వేలు పెట్టి చూపించినవాడు ఒక సత్రం యజమాని. స్పెయిన్ రచయిత సెర్వాంటిస్ ‘డాన్ కిహోటే’ మొదటి భాగం (1605)లో, వీరగాథలు చదివి చదివి మతి చెడిన ముసలి పెద్దమనిషి ఒక సత్రాన్ని కోట అనుకుంటాడు. యజమాని అతన్ని ‘డబ్బు తెచ్చారా?’ అని అడుగుతాడు. చిల్లిగవ్వ లేదు, ఏ నైటూ డబ్బు పెట్టుకు తిరిగినట్టు తానెక్కడా చదవలేదు అంటాడు డాన్ కిహోటే. దానికి సత్రం యజమాని ఇచ్చిన జవాబు ఒక విమర్శ సిద్ధాంతానికి సరిపోతుంది: డబ్బూ ఉతికిన చొక్కాలూ అందరికీ తెలిసిన అవసరాలు కాబట్టి రచయితలు రాయలేదు, అంతమాత్రాన వాళ్లు పట్టుకెళ్లలేదని కాదు. ఆ తర్వాత అతను గుర్రాల గడ్డి, బార్లీ బాకీలు రాసుకునే చిట్టా పుస్తకాన్ని ప్రార్థన పుస్తకంలా పట్టుకుని, ఏవో గొణుగుతూ డాన్ కిహోటేకు నైట్ పట్టం కడతాడు. ఆ పట్టానికి సాక్షి బాకీల పుస్తకమే.

దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత అదే ప్రశ్న ఒక అమెరికన్ రచయితను నిద్రలో గిల్లింది. 1884లో మార్క్ ట్వేన్ మరో రచయిత జార్జ్ వాషింగ్టన్ కేబుల్‌తో కలిసి ఊరూరా తిరిగి సభల్లో చదివి వినిపిస్తున్న రోజులవి. కేబుల్ ప్రోత్సాహంతో 15వ శతాబ్దపు ఇంగ్లిషు రచయిత మాలరీ రాసిన ఆర్థర్ గాథ చేతికొచ్చింది. కొద్దిరోజులకే ట్వేన్ నోటుబుక్కులో ఒక కల గురించి రాసుకున్నాడు. కలలో తానొక నైట్. కవచానికి జేబుల్లేవు. గోక్కోలేడు. జలుబు చేసింది, ముక్కు చీదలేడు, రుమాలు అందదు, ఇనుప చేతితో తుడుచుకోలేడు. 1889లో వచ్చిన ‘ఎ కనెక్టికట్ యాంకీ ఇన్ కింగ్ ఆర్థర్స్ కోర్ట్’ నవలకు విత్తనం ఈ కొద్దిపాటి ఇబ్బందుల జాబితా. వీరగాథకు ఎదురుగా ట్వేన్ నిలబెట్టింది సిద్ధాంతాన్ని కాదు, కారే ముక్కును.

కథానాయకుడు హాంక్ మోర్గన్ హార్ట్‌ఫర్డ్‌లో ఆయుధాల ఫ్యాక్టరీ ఫోర్‌మన్. కొట్లాటలో నెత్తిన గునపం దెబ్బ తగిలి స్పృహ తప్పి, లేచేసరికి 528వ సంవత్సరం. సూర్యగ్రహణం ఎప్పుడు పడుతుందో గుర్తుండటంతో మంటల్లోంచి బయటపడి, ఆర్థర్ రాజ్యంలో ‘బాస్’ అవుతాడు. అక్కడి నుంచి రాజ్యమంతా వ్యాపారమయం. సాహసయాత్రకు వెళ్లే నైట్‌లు ముందూ వెనకా సబ్బు ప్రకటనల బోర్డులు వేలాడదీసుకుని తిరుగుతారు. హాంక్, రాజు ఉరికంబం ఎక్కబోతుండగా ఆర్థర్ కొలువులోని మేటి నైట్ లాన్సెలాట్ ఐదు వందల మంది నైట్‌లతో సైకిళ్ల మీద వచ్చి కాపాడతాడు. రాజ్యం కూలిపోవడానికి కారణం మాలరీలో రాణీ లాన్సెలాట్ల ప్రేమ. ట్వేన్ అంతకు ముందు ఒక మెలిక పెట్టాడు. ఆర్థర్ నైట్‌లు కొలువుదీరే రౌండ్ టేబుల్ ఇప్పుడు స్టాక్ బోర్డు. లాన్సెలాట్ రైల్వే షేర్ల వ్యవహారంలో రాజు మేనల్లుళ్లకు బోడిగుండు చేస్తాడు. ఒళ్లు మండిన వాళ్లు వెళ్లి ఆ ప్రేమ సంగతి రాజుకు చెప్పేస్తారు.

ట్వేన్‌కు ఈ గాథల మీద కసి ఉండటానికి వేరే కారణం ఉంది. 1819లో వచ్చిన వాల్టర్ స్కాట్ ‘ఐవన్‌హో’ తరహా నవలలు అమెరికా దక్షిణాది జమీందార్ల తలకెక్కాయని, బానిసలను ఉంచుకుంటూ తాము మధ్యయుగపు ప్రభువులమనుకున్నారని, అంతర్యుద్ధానికి స్కాట్ కూడా చాలామేరకు బాధ్యుడని ఆయన 1883లోనే రాశాడు. అతిశయోక్తే, కాని ఊరికే అన్నది కాదు. అందుకే యాంకీ నవలలో నవ్వు ఆర్థర్ కాలం మీద కన్నా ఆ కాలాన్ని ముచ్చటపడే పందొమ్మిదో శతాబ్దం మీదే ఎక్కువ. ఇంకో సంగతి: ఈ నవల రాస్తున్న ఏళ్లలో ట్వేన్ ఒక టైప్‌సెట్టింగు యంత్రం మీద ఆస్తి ధారపోస్తున్నాడు. అది ఆయన్ని ముంచింది. 1894లో దివాలా తీశాడు. యంత్రాలతో ప్రపంచాన్ని బాగుచేస్తానన్న హాంక్ ధీమా వెనక రచయిత జేబు ఖాళీ అవుతున్న చప్పుడు వినిపిస్తుంది.

మధ్యయుగం వాళ్లకు ఇవేవీ తోచలేదనుకుంటే పొరపాటు. ఇంగ్లిషు కవి చాసర్ 14వ శతాబ్దం చివర్లో రాసిన కథల్లో సర్ థోపాస్ అనే నైట్ ఉన్నాడు. కలలో విన్న యక్షిణి రాణిని ప్రేమించి బయలుదేరతాడు. రాక్షసుడు ఎదురైతే ‘కవచం మరిచిపోయాను, రేపొచ్చి నీ సంగతి చూస్తా’ అని వెనక్కి తిరుగుతాడు. విరాటపర్వంలో ఉత్తరకుమారుడిని ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ మనిషి కొత్తవాడేం కాదు. తమాషా ఏమిటంటే ఆ కథ చెబుతున్నది చాసర్ పేరు గల పాత్రే. వింటున్న సత్రం యజమాని మధ్యలో అడ్డుపడి, చెవులు నొప్పెడుతున్నాయి, ఈ ప్రాస అశుద్ధానికి కూడా కొరగాదు అని ఆపించేస్తాడు. ఈ సాహిత్యంలో సత్రం యజమానులకు మంచి విమర్శనా దృష్టి ఉన్నట్టుంది.

అంతకు రెండు వందల ఏళ్ల ముందు, లాన్సెలాట్‌ను రాణి ప్రియుడిగా సాహిత్యంలోకి తెచ్చిన ఫ్రెంచి కవి క్రెతియాన్ ద త్రోయ్ కూడా నవ్వుకుంటూనే రాశాడు. రాణి జాడ తెలియాలంటే లాన్సెలాట్ నేరస్తులను ఊరేగించే బండెక్కాలి. రెండడుగులు సందేహించి ఎక్కుతాడు. ప్రాణాలొడ్డి ఆమెను చేరుకుంటే, ఆ రెండడుగుల సందేహానికి ఆమె మొహం తిప్పుకుంటుంది. తర్వాత ఒక పోటీలో ‘చెత్తగా పోరాడు’ అని కబురంపుతుంది. అతను రోజంతా పిరికివాడిలా పారిపోయి జనం చేత ఛీ కొట్టించుకుంటాడు. ఇది ప్రేమకు నివాళా, వెటకారమా అని పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ కావ్యాన్ని కవి చివరిదాకా రాయకుండా వదిలేస్తే వేరొకరు పూర్తి చేశారు. అదే కవి సృష్టించిన పెర్సెవల్ పల్లెటూరి కుర్రాడు. జీవితంలో మొదటిసారి నైట్‌ను చూసి, మెరిసే గొలుసు కవచాన్ని తడిమి ‘నువ్వు పుట్టడమే ఇలా పుట్టావా?’ అని అడుగుతాడు.

నిజ జీవితంలో కూడా పాత్రలకు కొదవ లేదు. ఉల్రిష్ ఫాన్ లిష్టెన్‌స్టైన్ అనే ఆస్ట్రియా ప్రాంతపు నైట్ 1227లో ప్రేమదేవత వీనస్‌లా ఆడవేషం వేసుకుని, వెనిస్ దగ్గర నుంచి బొహీమియా దిశగా దారి పొడుగునా పోరాడుకుంటూ వెళ్లానని తన పద్యాల్లో రాసుకున్నాడు. దొరసాని మెప్పు కోసం వేలు నరికి పంపానని కూడా అన్నాడు. ఎంత నిజమో, ఎంత ఆత్మపరిహాసమో చెప్పడం కష్టం. 2001లో వచ్చిన ‘ఎ నైట్స్ టేల్’ సినిమాలో గడ్డికప్పులు వేసేవాడి కొడుకు నైట్‌నని అబద్ధమాడటానికి ఎంచుకున్న పేరు ఇదే. జనం రాక్ పాటకు చప్పట్లు కొట్టే సినిమా అది. అయినా ఆ పేరు ఎక్కడి నుంచి తేవాలో దానికి తెలుసు.

ఆ కాలపు చేతిరాత పుస్తకాల అంచుల్లో నైట్‌లు నత్తలతో యుద్ధం చేస్తుంటారు, కొన్నిచోట్ల ఓడిపోతుంటారు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ‘స్మిత్‌ఫీల్డ్ డెక్రెటల్స్’ అనే చర్చి చట్టాల పుస్తకం అంచుల్లో కుందేళ్లు వేటగాణ్ని పట్టుకుని శిక్షిస్తాయి. పారిస్ నోత్రదామ్ ముఖద్వారం మీద పిరికితనానికి చెక్కిన బొమ్మ, కుందేలును చూసి కత్తి వదిలేసి పరుగు పెడుతున్న నైట్. ఇవి చూశాక మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం తీసిన 1975 నాటి ‘మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్’ సినిమాలో నైట్‌ల పీకలు కొరికే తెల్ల కుందేలు వింతగా అనిపించదు. ఆ సినిమా దర్శకులిద్దరిలో ఒకరైన టెర్రీ జోన్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. 1980లో చాసర్ కథల్లోని ఆదర్శ నైట్ నిజానికి కిరాయి సైనికుడని వాదిస్తూ ఒక పుస్తకమే రాశాడు. పండితులు చాలామంది ఒప్పుకోలేదు గాని పట్టించుకోకుండా ఉండలేకపోయారు. మధ్యయుగాన్ని వెక్కిరించినవాళ్లలో ఇంతగా చదివి వెక్కిరించినవాళ్లు అరుదు.

పైథాన్ సినిమాకు డబ్బు తక్కువ. పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్ వంటి రాక్ బృందాలు తలా కొంత వేస్తే తీశారు. గుర్రాలు కొనే స్తోమత లేదు. రేడియో నాటకాల్లో డెక్కల చప్పుడుకు కొబ్బరి చిప్పలు కొట్టే పాత పద్ధతి ఉంది. దాన్నే తెర మీద పెట్టారు. ఆర్థర్ రాజు గుర్రం లేకుండా గెంతుతూ వస్తాడు, వెనక సేవకుడు చిప్పలు కొడుతుంటాడు. ఆ అబద్ధాన్ని సినిమా దాచుకోదు. కోట గోడ మీది కాపలావాడు అడిగేస్తాడు: చలిదేశంలో మీకు కొబ్బరికాయ ఎక్కడిది? రాజు తన హోదా చెప్పుకుంటుంటే, వలస పిట్టలు ముక్కున కరుచుకుని తేగలవా అన్న చర్చ సాగుతుంది. కోనసీమలో తీసుంటే ఈ జోకు పుట్టేదే కాదు. సత్రం యజమాని డబ్బు సంగతి అడిగినట్టే, ఇక్కడ కాపలావాడు సరుకు సంగతి అడుగుతున్నాడు. పేదరికం వల్ల వచ్చిన లోపం సినిమాకు తత్వమై కూర్చుంది.

అదే సినిమాలో మట్టి తవ్వుకునే డెనిస్, చెరువులోంచి చెయ్యి చాపి ఆడమనిషెవరో కత్తి ఇచ్చినంత మాత్రాన రాజైపోవడం ప్రభుత్వ పద్ధతి కాదని ఆర్థర్‌తో వాదిస్తాడు. అందరూ తలుచుకునే సన్నివేశం ఇదే అయినా, నల్ల నైట్ దృశ్యం ఇంకా లోతుగా కోస్తుంది. చెయ్యి తెగితే చిన్న గీతేనంటాడు, చేతులూ కాళ్లూ పోయాక కూడా మొండెంతో నిలబడి రమ్మని సవాలు చేస్తాడు. వెనక్కి తగ్గకూడదన్న నియమం మీదే అక్కడ నవ్వు. నియమం మిగిలింది, మనిషి మిగల్లేదు.

ఈ చివరి మాటను అంతకు పదహారేళ్ల ముందే ఇటలీలో ఇతాలో కాల్వినో అక్షరాలా కథగా రాశాడు. 1959 నాటి ‘ఇల్ కవలియెరె ఇనెసిస్తెంతె’ (ఉనికి లేని నైట్) నవలలో షార్లమేన్ చక్రవర్తి సైన్యంలోని అజిలుల్ఫో తెల్లని, మచ్చలేని కవచం. లోపల ఎవరూ లేరు. సంకల్పబలంతో ఉన్నాడు. వంటశాలల తనిఖీ, కాపలా పట్టిక, ఎవరి ఘనత ఎంత నిజం అన్న లెక్క, అన్నీ అతనికే కావాలి. అందుకే తోటివాళ్లకు అతనంటే ఒళ్లు మంట. నవల మొదట్లో రంబాల్దో అనే కుర్రాడు తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోవాలని వస్తే, ద్వంద్వయుద్ధాలు, పగలు, పరువు మచ్చల శాఖకు వెళ్లమంటారు. అక్కడి గుమాస్తాలు, సేనాపతి చావుకు ముగ్గురు మేజర్లను చంపితే లెక్క సరిపోతుందని, తేలిగ్గా దొరికే ముగ్గుర్ని కేటాయిస్తామని చెబుతారు. తాలూకాఫీసు చుట్టూ తిరిగినవాళ్లెవరికైనా ఆ గది గోడల రంగు కూడా కనిపిస్తుంది. అజిలుల్ఫో చివరికి పడిపోయేది కూడా కాగితం దగ్గరే. ఎప్పుడో ఒక కన్యను కాపాడినందుకు వచ్చిన నైట్‌హుడ్ అది. ఆమె అప్పటికే కన్య కాదని ఎవరో అనగానే సర్వీసు రికార్డు చెల్లకుండా పోతుంది. శరీరం లేనివాడికి ఇక మిగిలేదేముంది?

2005 నుంచి 2009 దాకా ఫ్రెంచి టీవీలో నడిచిన ‘కామెలాట్’ ధారావాహిక కూడా ఈ దారిదే. మొదట్లో మూడున్నర నిమిషాల ఎపిసోడ్లు. రౌండ్ టేబుల్ అంటే తెమలని మీటింగు, ఆర్థర్ అంటే చేతకాని సిబ్బందితో వేగలేని మేనేజరు. పెర్సెవల్ అక్కడ కూడా అమాయకుడే. క్రెతియాన్ చేతి పాత్రే ఎనిమిది వందల ఏళ్ల తర్వాత అదే మొహంతో వచ్చింది.

ఇంగ్లిషు నవలాకారుడు టి.హెచ్. వైట్ నవ్వు వీళ్లందరికీ భిన్నం. 1938లో వచ్చిన ‘ద స్వోర్డ్ ఇన్ ద స్టోన్’లో పెల్లినోర్ రాజు తరతరాలుగా ఒక వింత మృగాన్ని వెంటాడే వంశంవాడు. మాలరీలో ఆ మృగం కడుపులోంచి ముప్పై జతల వేటకుక్కల అరుపులు వినిపిస్తాయి, అక్కడదొక భయం. వైట్ పెల్లినోర్‌కు కళ్లద్దాలు పెట్టి, మెత్తని పరుపు మీద పడుకోవాలన్న ఆశ పుట్టించాడు. ఒకసారి ఆ ఆశకు లొంగి రాజు వేట మానేసి స్నేహితుడి ఇంట్లో ఉండిపోతే, తనను తరిమేవాడు లేక మృగం బెంగపెట్టుకుని చిక్కిపోతుంది. రాజు దాని తల ఒళ్లో పెట్టుకుని తప్పంతా తనదేనని వాపోతాడు. కోలుకున్నాక మళ్లీ తరుముతానని మాట ఇస్తాడు. వెక్కిరింపు కన్నా ఇది కష్టమైన పని. నియమం ఎంత అర్థరహితమైనా దాని మీద రెండు ప్రాణాలు బతుకుతున్నాయని వైట్ నవ్విస్తూనే చూపించాడు.

ఈ హాస్యం తప్పులూ చేసింది. నైట్‌ను కప్పీతో గుర్రం మీదికి ఎత్తడం అందరికీ తెలిసిన దృశ్యం. 1944 నాటి ‘హెన్రీ ద ఫిఫ్త్’ సినిమాలో కూడా ఉంది. నిజానికి యుద్ధానికి తొడిగే పూర్తి ఉక్కు కవచం సుమారు 20 నుంచి 25 కిలోలు, అదీ ఒళ్లంతా పంచుకున్న బరువు. ఫ్రెంచి సేనాని బూసికో కవచం తొడుక్కుని పల్టీలు కొట్టేవాడని, రికాబు తాకకుండా గుర్రమెక్కేవాడని అతని జీవితకథ చెబుతుంది. పైగా 528లో అలాంటి కవచమే లేదు. ఆ తప్పు ట్వేన్‌ది కాదు, మాలరీ తన 15వ శతాబ్దపు ఇనుమునే ఆర్థర్‌కు తొడిగాడు. ఆ మాలరీ కూడా ఆదర్శపురుషుడేం కాదు. 1485లో ముద్రాపకుడు కాక్స్‌టన్ అచ్చువేసిన ఆ గ్రంథం చేతిరాత ప్రతిలో తనను తాను ఖైదీ నైట్‌గా చెప్పుకున్నాడు. చరిత్రకారుల్లో ఎక్కువమంది అంగీకరించే మాలరీ మీద దోపిడీ, మానభంగం, మాటువేసి దాడి వంటి అభియోగాలున్నాయి. షివల్రీ మీద అంత పెద్ద పుస్తకం జైల్లో తయారైందన్న సంగతి ముందు ట్వేన్ జోకులు కూడా వెలవెలబోతాయి.

ఈ రచనలన్నిటికీ ఒకేచోట కాలు తట్టుకుంటుంది, ముగింపు దగ్గర. గాథ డబ్బును దాచింది, చెమటను దాచింది, చావును మాత్రం దాచలేదు. ఆర్థర్ కథలో ఆఖరికి తండ్రీ కొడుకులు ఒకరినొకరు పొడుచుకుంటారు. జేబుల గురించి, దురద గురించి అడిగే రచయితకు అక్కడ అడగడానికేమీ ఉండదు. సెర్వాంటిస్ 1615 నాటి రెండో భాగంలో డాన్ కిహోటేకు మతి తెప్పించి మంచం మీద చంపాడు. వెర్రిని వెక్కిరించిన వాళ్లే లేచి మళ్లీ బయలుదేరమని ఏడుస్తారు. వైట్ కథ రానురాను చీకటిపడి, 1958 నాటి పూర్తి సంపుటం యుద్ధం ముందటి రాత్రి ముసలి ఆర్థర్ దగ్గర ఆగుతుంది. సబ్బు ప్రకటనలతో మొదలైన ట్వేన్ నవల కరెంటు తీగలు, గాట్లింగ్ తుపాకులతో ముగుస్తుంది. పాతిక వేల మంది చస్తారు. హాంక్ మనుషులు ఆ శవాల కుప్పల మధ్యే చిక్కుకుపోయి, కుళ్లు గాలికి జబ్బుపడతారు. ముక్కు చీదలేకపోవడంతో పుట్టిన నవల అది.

పైథాన్ బృందం యుద్ధం తీయడానికి డబ్బు లేదన్న సంగతిని ఇక్కడ కూడా దాచుకోలేదు. ఆర్థర్ పెద్ద సైన్యాన్ని కూడగట్టి కోట మీదికి పరుగు తీయిస్తాడు. సినిమా మధ్యలో ఒక నైట్ చేతిలో చచ్చిపోయిన చరిత్ర ప్రొఫెసరు కేసు దర్యాప్తు చేస్తూ 1970ల నాటి పోలీసు కార్లు అడ్డంగా వస్తాయి. రాజును వ్యాన్ ఎక్కిస్తారు. ఒక పోలీసు వచ్చి కెమెరాకు చెయ్యి అడ్డం పెడతాడు. ఆఖర్లో వేసే పేర్లు కూడా లేవు, నల్లతెర మీద ఆర్గన్ వాయిద్యం మోగుతూ ఉంటుంది.